మఖ్దూం మొహియుద్దీన్: కార్మికుని ఇంటిని ఎరిగిన కవి

ప్రతి సంవత్సరమూ మా కళాశాల వార్షికోత్సవంలో ఉర్దూ విభాగపు విద్యార్థి ఎవరో ఒకరు మఖ్దూం మొహియుద్దీన్ గజల్ నొకదానిని శ్రావ్యంగా ఆలపించడమూ, సభికులు కరతాళధ్వనులు చేయడమూ పరిపాటి. తెలుగు విభాగపు విద్యార్థులకు మాత్రం ఆయన ట్యాంక్‌బండ్ మీద వరుసగా నిలిచిన విగ్రహాలలో ఒకరు. ఒకరికి ఆయన ప్రేమకవి, మరొకరికి శిలామూర్తి. ఈ ఉభయులకూ అంతగా పరిచయం లేని మఖ్దూం మరొకరున్నారు. మిల్లు కార్మికులను, రైల్వే కార్మికులను, సిగరెట్టు కర్మాగారపు కార్మికులను సంఘటితపరచి, వారి ఇండ్లలోని పొయ్యి ఏ పూట వెలిగిందో, ఏ పూట ఆరిందో ఎరిగిన మఖ్దూం ఆయన. ఆ మఖ్దూంను మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

మా విద్యార్థులలో పెక్కుమంది బన్సీలాల్‌పేట్, భోలక్‌పూర్, కవాడిగూడ, ముషీరాబాద్ వీధులనుండి వచ్చేవారు. కనుక ముందుగా ఈ ప్రాంతాన్ని గురించి రెండు మాటలు చెప్పుకోవడం ఉచితం. బన్సీలాల్‌పేట్ పూర్వనామం నాగన్నకుంట. 1933 ప్రాంతంలో నాటి బ్రిటిష్ రెసిడెంటు సర్ టెరెన్స్ కీస్ ఇక్కడొక ఆదర్శ గ్రామాన్ని నిర్మింపజేయ సంకల్పించగా, అందుకు ధనసహాయం చేసిన సేఠ్ బన్సీలాల్ పేరు ఈ పేటకు స్థిరపడింది. చెత్తతో పూడిపోయి చిరకాలం మరుగున పడిన ఇక్కడి మెట్లబావిని 2022 డిసెంబరులో పునరుద్ధరించి ప్రజలకు చూపినప్పుడు, తమ వాడకు ఇంత చరిత్ర ఉన్నదా అని మా విద్యార్థులే ఆశ్చర్యపడ్డారు. బావి చరిత్ర రాళ్ళలో మిగిలింది. మనుషుల చరిత్రకు అట్టి భాగ్యం లేదు.

ఈ పేటకు పొరుగున రాంగోపాల్‌పేట ఉన్నది. దానికి పేరిచ్చిన దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరుమీదనే, ట్యాంక్‌బండ్ కట్ట దిగువన, నూలు వడికి బట్ట నేసే మిల్లు వెలసింది. జనం దానిని డి.బి.ఆర్. మిల్లు అని పిలిచేవారు. తూర్పు దిక్కున లాలాగూడలో నిజాం రైల్వే కర్మశాల, ముషీరాబాద్ దాటి ఆజమాబాద్ పారిశ్రామిక వాడలో చార్మినార్ సిగరెట్టు కర్మాగారం ఉండేవి. ఈ మూడింటి నడుమనున్న వాడలలో మిల్లు కూతే గడియారం. తొలి కూతకు ఆడవారు లేచి పొయ్యి రాజేసేవారు. రెండవ కూతకు మగవారు రొట్టె మూట చంకన పెట్టుకొని వీధిన పడేవారు. మూడవ కూత వేళకు గేటు దాటని వాని హాజరీ పోయినట్లే. తెలుగువారు, దక్కనీ ఉర్దూ మాట్లాడే ముస్లింలు, మరాఠ్వాడా నుండి వలస వచ్చినవారు ఒకే గోడకు రెండువైపులా కాపురముండేవారు.

మేమును అట్టి కుటుంబం నుండి వచ్చినవారమే. మా తాతగారు ఒక మిల్లులో సాంచ నడిపినవారు. బాల్యంలో మా దాదీమా ఒడిలో పడుకొని విన్న కథలలో రాజులూ రాణులూ తక్కువ, సమ్మెలు ఎక్కువ. ఒక సమ్మెలో ఆమె తన పెండ్లినాటి వెండి కడియాలు తాకట్టు పెట్టింది. సమ్మె ముగిసింది, పని దొరికింది, కాని కడియాలు మాత్రం తిరిగి రాలేదు. వడ్డీ అసలును మించిపోయి అవి అక్కడనే కరిగిపోయినవి. ఆ మాట వచ్చినప్పుడెల్ల ఆమె తన బోసి మణికట్టును తడుముకొని, ఈ సమ్మెలవల్ల మగవారికి పేరు వచ్చింది గాని ఆడవారికి వచ్చినదేమిటని అడిగేది. తాతగారు బదులు చెప్పక బీడీ వెలిగించుకొని బయటికి వెళ్ళిపోయేవారు. ఆ ప్రశ్నను మనసులో ఉంచుకొనే మేము మఖ్దూం జీవితాన్ని చదివినాము. పాఠకులు కూడ ఆ ప్రశ్నను మరువక చదవవలెనని మా మనవి.

మఖ్దూం మొహియుద్దీన్ 1908 ఫిబ్రవరి 4వ తేదీన నాటి మెదక్ జిల్లా అందోలులో జన్మించారు. ఆ ఊరు నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. తండ్రి గౌస్ మొహియుద్దీన్ చిరుద్యోగి. కుమారునికి ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆయన కన్నుమూశారు. తల్లి పునర్వివాహం చేసుకొని వేరింటికి వెళ్ళవలసి వచ్చింది. పినతండ్రి బషీరుద్దీన్ ఆ బాలుని చేరదీసి పెంచారు. తండ్రి లేడు, తల్లి ఉండియు దగ్గర లేదు. ఇల్లు అనే మాటకు మనమెల్లరమూ ఎరిగిన అర్థం ఆ పిల్లవానికి లభించలేదు. మతనిష్ఠగల ఆ ఇంట నమాజు తప్పరాదు. మసీదు ఊడ్వడం, నీళ్ళు తోడి పోయడం బాలుని నిత్యకృత్యాలు. అయితే ఆ పినతండ్రి లోకవార్తలయందు ఆసక్తిగల మనిషి. రష్యా దేశంలో విప్లవం వచ్చిందనీ, అక్కడ ఇక అందరూ ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూర్చుండి భోజనం చేస్తారనీ ఆయన పిల్లలకు చెప్పగా, ఆ మాట మఖ్దూం మనసులో నాటుకొన్నదని ఆయన జీవితాన్ని ఎరిగినవారు చెప్పుకొంటారు. సిద్ధాంతగ్రంథాలు చదువక పూర్వమే ఆ బాలునికి సమత్వమనగా భోజనపు పంక్తిగా తోచింది. ఆయన తరువాతి జీవితమంతా ఈ ఒక్క చిత్రానికి వ్యాఖ్యానమని మా అభిప్రాయం.

పై చదువులకై హైదరాబాదు చేరిన ఆ యువకునికి నగరంలో దిక్కైన వారు లేరు. మసీదులలో తలదాచుకొన్నారు. పిల్లలకు పాఠాలు చెప్పి, చిన్న చిన్న పనులు చేసి పొట్టపోసుకొన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. దేశభాషలో ఉన్నత విద్య గరపుటలో అది మన దేశంలోనే ఒక సాహసోపేతమైన ప్రయత్నం. అక్కడ మఖ్దూం చదువుతోపాటు హాస్యానికీ, నాటకానికీ, పాటకూ పేరుపొందారు. 1933 ప్రాంతంలో వ్రాసిన పీలా దుషాలా అనే హాస్యగీతం ఆయనను విద్యార్థిలోకానికి పరిచయం చేసింది. బెర్నార్డ్ షా నాటకాన్ని అనుసరించి హోష్ కే నాఖూన్ అనే నాటకం వ్రాసి ప్రదర్శించారు. ఆ షా నాటకం పేదల అద్దె ఇండ్లమీద వచ్చే సొమ్ముతో పెద్దమనుషులుగా చలామణి అయ్యేవారిని గురించినదన్న సంగతి ఇక్కడ గమనార్హం. రవీంద్రుని కవిత్వంపై ఒక చిన్న గ్రంథాన్నీ రచించారు. 1936లో ఎం.ఏ. పూర్తిచేశారు.

అనంతరం ఆయన నగరంలోని సిటీ కాలేజీలో ఉర్దూ అధ్యాపకులైనారు. మసీదు వసారాలో పడుకొన్న యువకునికి నెలనెలా జీతమూ, సంఘంలో గౌరవమూ, ఒక ఇల్లూ ఏర్పడినవి. రాబియా బేగంతో ఆయన సంసారం సాగింది. అధ్యాపక వృత్తిలో ఉన్నవారమైన మాకు ఈ ఘట్టం దగ్గర చదువు ఆగిపోతుంది. ఎందుకనగా, ఎంతో కష్టపడి సంపాదించుకొన్న ఆ ఉద్యోగాన్ని ఆయన కొలది సంవత్సరాలకే వదులుకొన్నారు. అప్పటికే 1939 ప్రాంతంలో మిత్రులతో కలసి కామ్రేడ్స్ అసోసియేషన్‌ను నెలకొల్పి ఉన్నారు. డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్ వంటి యువకులు అందులో ఆయనకు సహచరులు. హైదరాబాదు సంస్థానంలో కమ్యూనిస్టు పార్టీకి పునాదులు వేసినవారిలో ఆయన ఒకరు. తరగతి గదిలో పాఠం చెప్పి, సాయంకాలం మిల్లు గేటు ముందు ప్రసంగించడం రెండూ పొసగవని ఆయన తలచినారు. మా జీతపు కవరు అందుకొన్న రోజున ఒక్కొక్కసారి ఈ సంగతి జ్ఞాపకం వచ్చి సిగ్గు కలుగుతుంది. ఆ పని చేయగల శక్తి మాకు లేదని ఒప్పుకొనుటలో తప్పులేదు.

అవి రెండవ ప్రపంచ యుద్ధపు రోజులు. యుద్ధ అవసరాలవల్ల బట్టకు గిరాకీ పెరిగింది. యజమానులకు లాభాలు, కార్మికులకు అధిక శ్రమ. ధాన్యం ధర నెలనెలకూ ఎక్కిపోగా పగారు మాత్రం నిలిచినచోటనే నిలిచింది. బియ్యం, జొన్న, కిరసనాయిలు, చివరకు తాము నేసిన బట్ట కూడ రేషను వరుసలో నిలబడితేగాని దొరకని స్థితి. 1943లో బెంగాలు కరువు లక్షలాది ప్రజలను పొట్టనబెట్టుకొన్నది. మఖ్దూం దానిపై కవిత వ్రాశారు. ఆ రోజులలో కార్మికులు కోరినవి గగనకుసుమాలు కావు. ధరలకు తగిన కరువు భత్యం, ఎనిమిది గంటల పని, సాలుకొకమారు బోనసు, జాబరు దయాదాక్షిణ్యాలతో నిమిత్తం లేని ఉద్యోగ భద్రత, తమ సంఘానికి గుర్తింపు. నేటి విద్యార్థికి జాబరు అనగా ఎవరో తెలియకపోవచ్చును. ఖాతాలో పనివారిని కుదుర్చువాడూ, తొలగించువాడూ అతడే. పండుగకు వాని ఇంటికి కానుక పోకున్న మరునాడు సాంచ వేరొకరిదయ్యేది. బదిలీ కార్మికునికైతే ప్రతి ఉదయమూ గేటువద్ద అదృష్టపరీక్షయే.

ఇట్టి మనుషులను సంఘంగా కూర్చడం సామాన్యమైన పని కాదు. రైల్వేలోను, బట్ట మిల్లులలోను, చార్మినార్ సిగరెట్టు కర్మాగారంలోను, ఆల్విన్ కర్మాగారంలోను, దూరాన షాబాదు సిమెంటు కర్మాగారంలోను సంఘాలు నిలబెట్టడంలో మఖ్దూం పాత్ర ప్రముఖమైనది. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడినప్పుడు ఆయన దాని ముఖ్య నాయకులలో ఒకరు. ఉర్దూ కవిగా పండితుల మెప్పు పొందిన ఆయన కార్మికులతో మాట్లాడినప్పుడు వీధిలోని దక్కనీ పలుకుబడికి దిగివచ్చేవారు. తెలుగు కార్మికునికి అది పరాయి భాషగా తోచలేదు. మిల్లులో పక్కసాంచవాని నోట నిత్యం వినే మాటే కదా.

ఇక సమ్మె అనగానే మన కన్నులముందు నిలిచేది గేటు, జెండా, నినాదం. చరిత్ర గ్రంథాలలో వ్రాసేదీ అదే. కాని సమ్మె జరిగేది గేటువద్ద కాదు, ఇంటిలో. మా దాదీమా చెప్పిన మాటలను, ఈ వాడలలోని పెద్దలు చెప్పగా విన్నవాటిని కూర్చి ఆ క్రమాన్ని ఇట్లు చెప్పవచ్చును. మొదటి వారం ఉత్సాహం ఉంటుంది. మగవారు పగటివేళ ఇంట ఉండడం పిల్లలకు పండుగ. రెండవ వారం కిరాణా దుకాణదారు ఉద్దెర పుస్తకం మూసివేస్తాడు. బియ్యం స్థానంలో జొన్న, జొన్న స్థానంలో గటక వస్తుంది. మూడవ వారం ఇత్తడి బిందె, ఆ తరువాత ఒంటిమీది వెండి వడ్డీవ్యాపారి ఇల్లు చేరుతుంది. పెద్దపిల్లవానిని బడి మాన్పించి ఏ హోటలులోనో కప్పులు కడగ పెడతారు. ఆడవారు చాటలో తంబాకు పోసుకొని బీడీలు చుడతారు. కుదిరిన పెండ్లి వాయిదా పడుతుంది. ఇంటి అద్దెకై వచ్చినవాడు వాకిట నిలబడి వినరాని మాటలంటాడు. సరిగ్గా అప్పుడే ఒక రాత్రి జాబరు మనిషి చప్పుడు చేయక తలుపు తడతాడు. రేపు ఉదయం ఒక్కడివే పనిలోకి రమ్మనీ, పాత బాకీ మాఫీ చేయిస్తాననీ చెప్పి పోతాడు. ఆ రాత్రి భార్యాభర్తల నడుమ జరిగే మాటలమీదనే సమ్మె నిలుస్తుంది లేదా విరుగుతుంది. ఏ సంఘపు పుస్తకంలోనూ ఆ మాటలు నమోదు కావు.

మఖ్దూం గొప్పతనం ఈ రాత్రిని ఎరుగుటలో ఉన్నదని మా నమ్మకం. అందుకు ఆయన కవిత్వమే నిదర్శనం. యుద్ధకాలంలో ఆయన సిపాయిపై వ్రాసిన ప్రసిద్ధ గీతమున్నది. తరువాతి కాలంలో, 1960లో, ఉస్‌నే కహా థా చలనచిత్రంలో అది వినిపించింది. అందులో యుద్ధభూమి వర్ణన, వీరాలాపం వెదకినా కానరావు. కవి దృష్టి వెనుక మిగిలిన ఇంటిమీద ఉన్నది. ఆకలిగొన్న బిడ్డలను పాటపాడి మభ్యపెట్టే ఒక దుఃఖిని అందులో వినిపిస్తుంది. యుద్ధానికి పోయినవాడైనా, సమ్మెకు దిగినవాడైనా, చెరసాలకు పోయినవాడైనా, ఇంట మిగిలేది ఆ స్త్రీయే. ఇల్లు లేక పెరిగిన బాలుడు కావుననే ఇల్లు అన్నదాని విలువ ఆయనకు అంతగా తెలిసిందని తోస్తుంది. ఆయన తొలి కవితా సంపుటి సుర్ఖ్ సవేరా 1944లో వెలువడింది. ఎర్రని ఉదయమని దాని అర్థం. ఆ సంపుటిలో విప్లవగీతాల ప్రక్కనే సుకుమారమైన ప్రేమగీతాలున్నవి. కొందరు విమర్శకులు వాటిని రెండు పాయలుగా చీల్చి ఒకదానిని పొగడి మరొకదానిని తక్కువచేస్తారు. అది సరికాదు. మనిషి నెమ్మదిగా ప్రేమించుకొని బ్రతుకగల ఇల్లు కావలెననే ఆయన పోరాటం.

1946 చివర సంస్థాన ప్రభుత్వం కమ్యూనిస్టులపై నిషేధం విధించింది. నల్లగొండ, వరంగల్లు జిల్లాల రైతాంగం అప్పటికే దొరల వెట్టికి ఎదురుతిరిగి ఉన్నది. మఖ్దూం అజ్ఞాతవాసానికి పోయారు. ఆయనను పట్టియిచ్చిన వారికి ప్రభుత్వం బహుమానం ప్రకటించింది. తెలంగాణా పోరాటంపై ఆయన వ్రాసిన గీతం ఆ రోజులలో నోటినోటా ప్రాకింది. ఈ సంవత్సరాలలో రాబియా బేగం పడిన శ్రమను గురించి ఎవరూ పెద్దగా వ్రాయలేదు. భర్త ఎక్కడ ఉన్నాడో తెలియదు, తెలిసినా చెప్పరాదు. బిడ్డలను సాకవలె. పోలీసు వచ్చి తలుపు తట్టితే జవాబు చెప్పవలె. సమ్మె కాలంలో కార్మికుని భార్య పడ్డ బాధ ఏదో నాయకుని భార్యయు అదే పడవలసి వచ్చింది. నాయకుడు అనుచరులకు చెప్పిన త్యాగాన్ని తన ఇంట కూడ చేసి చూపినాడన్నది నిజం. ఆ త్యాగం చేయవలెనా వద్దా అని ఇంటి ఇల్లాలిని ఎవరూ అడుగలేదన్నది కూడ నిజం. ఈ రెండు నిజాలలో ఏ ఒక్కదానిని దాచినను జీవితచరిత్ర అసత్యమవుతుంది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి సంస్థానం భారత యూనియన్‌లో చేరింది. 1949లో జాగీరులు రద్దయినవి. రద్దు కావలసినవే అవి. కాని వాటినీ, పాత సర్కారు కొలువులనూ నమ్ముకొన్న వేలాది ముస్లిం కుటుంబాలు ఒక్కసారిగా జీవనాధారం కోల్పోయినవి. నిన్నటివరకు తలపాగా కట్టినవారు రిక్షా త్రొక్కవలసి వచ్చింది. పల్లెల నుండి ప్రాణభయంతో నగరం చేరినవారు వేరు. అధికారం పోయిన సమాజంలో నిరాశయో, పగయో పెరగడం సులభం. అట్టి కాలంలో, రజాకారులను మొదటినుండి ఎదిరించిన ఒక ముస్లిం కవి, తన సమాజపు పేదవానితో నీ దారి రిక్షా సంఘంలోనూ, మిల్లు సంఘంలోనూ ఉన్నదనీ, నీ పక్కన నిలిచినవాడు నీ వంటివాడేననీ తన జీవితంతోనే చెప్పగలిగారు. ఆయన చేసిన మేలు ఏ లెక్కలకూ అందదు.

పోరాటం కొత్త ప్రభుత్వంపై కూడ కొనసాగగా మఖ్దూం అజ్ఞాతవాసమూ కొనసాగింది. 1951లో ఆయన అరెస్టయి కారాగారంలో ఉన్నారు. ఖైద్ అనే ప్రసిద్ధ కవిత ఆ నాటిదే. ఆ సంవత్సరం అక్టోబరులో సాయుధ పోరాటం విరమింపబడింది. 1952 ఎన్నికలలో హైదరాబాదు నగరంలో పోటీచేసి ఓడిపోయారు. అదే సంవత్సరం నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలుపొందారు. ఉర్దూ కవి మెలగిన నగరంలో ఓటమి, ఉర్దూ అక్షరం తెలియని తెలుగు రైతుల నడుమ విజయం! భాషనుబట్టి, మతాన్నిబట్టి మనుషులను లెక్కించేవారు ఈ ఒక్క ఎన్నికను గురించి ఆలోచించవలె. ఉర్దూ తెలుగు రెండింటికీ నీడనిచ్చే మా వంటి కళాశాలకు ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు.

తదుపరి సంవత్సరాలలో ఆయన ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య పనిమీద వియన్నా నగరంలో కొంతకాలమున్నారు. సోవియట్ దేశం, చైనా మున్నగు దేశాలు తిరిగినారు. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులుగా, ప్రతిపక్ష నాయకులుగా పనిచేశారు. 1961లో కాంగో నాయకుడు లుముంబా హత్యకు చలించి వ్రాసిన కవితయు, 1968లో మార్టిన్ లూథర్ కింగ్ మృతిపై వ్రాసిన కవితయు ఆయన దస్తర్‌ఖాన్ ఎంత దూరం పరచుకొన్నదో చూపుతవి. గులే తర్ 1961లో, బిసాతే రఖ్స్ 1966లో వెలువడినవి. బిసాతే రఖ్స్ గ్రంథానికి 1969లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. ఆ సంవత్సరమే ఆగస్టు 25వ తేదీన ఢిల్లీలో గుండెపోటుతో ఆయన దివంగతులైనారు. భౌతికకాయాన్ని హైదరాబాదుకు తెచ్చి షా ఖామోష్ దర్గా శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆయన పాటలు 1978లో గమన్, 1982లో బజార్ చిత్రాలద్వారా మళ్ళీ దేశమంతటా వినిపించినవి. చిత్రాలు చూచినవారిలో ఎందరికి ఆ కవి మిల్లు గేటు ముందు నిలిచినవాడని తెలుసునో చెప్పలేము.

ఇక మా దాదీమా ప్రశ్నకు వద్దాము. సమ్మెలవల్ల వచ్చినదేమిటి? పుస్తకాలనుబట్టి సమాధానం చెప్పవచ్చును. 1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చి వారానికి నలుబది ఎనిమిది గంటల పనిని పరిమితి చేసింది. అదే సంవత్సరం కార్మిక రాజ్య బీమా చట్టం వచ్చింది. 1952లో ప్రావిడెంటు ఫండు చట్టం, 1965లో బోనసు చట్టం, 1971లో కార్మికుని మరణానంతరం భార్యకు పింఛను కల్పించే పథకం వచ్చినవి. ఇవి ఢిల్లీలో ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. బొంబాయి, కలకత్తా, కాన్పూరు, కోయంబత్తూరు, హైదరాబాదు నగరాలలో లక్షలాది కుటుంబాలు ఆకలి ఓర్చినందువల్ల వచ్చినవి. సేఠ్ బన్సీలాల్ ఔదార్యాన్ని మేము తక్కువచేయము. ఆయన దానంతో ఒక పేట వెలసింది. కాని దానం దాత ఉన్నంతవరకే. చట్టం దాతను అడుగదు. ఈ భేదాన్ని కార్మికునికి బోధించినవారు మఖ్దూం, ఆయన సహచరులు.

అయితే ఈ సమాధానంతో దాదీమా తృప్తిపడలేదు. చట్టాలు వచ్చినవి, మిల్లు పోయింది. డి.బి.ఆర్. మిల్లు సాంచలు మూగవోయి ఎన్నో సంవత్సరాలైంది. 1934లో మొదలైన వరంగల్లు ఆజంజాహి మిల్లు కూడ ఈ శతాబ్ది తొలినాళ్ళలో మూతపడింది. మిల్లే లేనిచోట మిల్లు చట్టం ఎవరికి ఉపయోగం? నేడు మా విద్యార్థుల తండ్రులు ఆటో నడుపుతున్నారు, గోదాములలో మూటలు మోస్తున్నారు, ఇంటింటికీ సరుకులు చేరవేస్తున్నారు. వారికి హాజరీ పట్టిక లేదు, సంఘం లేదు, ప్రావిడెంటు ఫండు లేదు. ఉదయం గేటువద్ద నిలిచిన బదిలీ కార్మికుని స్థితి వేరొక వేషంలో మరల వచ్చింది. దీనికి మఖ్దూం జీవితంలో సిద్ధమైన జవాబు దొరకదు. దొరుకునని చెప్పడం విద్యార్థులను వంచించడమే. ఒకరిపక్క ఒకరు నిలువనిదే ఏ చట్టమూ రాదన్న మాట మాత్రం దొరుకుతుంది.

మరొక సంగతి చెప్పి ముగిస్తాము. తాతగారు గతించిన తరువాత దాదీమాకు నెలకు కొద్దిపాటి కుటుంబ పింఛను వచ్చేది. అది చాల చిన్న మొత్తం. ప్రతినెలా మేమే ఆమెను బ్యాంకుకు తోడ్కొనిపోయేవారము. వేలిముద్ర వేసి, నోట్లు రెండుమార్లు లెక్కించి, దస్తీ కొసన ముడివేసుకొనేది. అందులో నుంచి మాకు మిఠాయికై కొంత ఇచ్చి, ఇది మీ తాత పంపినాడని నవ్వేది. ఒకసారి ఆమెకు ఈ పింఛను వెనుకనున్న కథ చెప్పబోయినాము. ఆమె విని, కడియాలు మాత్రం రాలేదు గదా అని మళ్ళీ మణికట్టు తడుముకొన్నది. ఆమె చెప్పినది నిజం. పింఛనూ నిజమే.

విద్యార్థి మిత్రులారా, ట్యాంక్‌బండ్ మీద మఖ్దూం విగ్రహం ముందునుండి పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగి కట్ట దిగువకు చూడండి. మిల్లు కూత వినిపించిన వాడలు అవే. ఆ వాడలలోని మీ నానమ్మలను, దాదీమాలను అడగండి. సమ్మెనాడు పొయ్యిమీద ఏమి వండినారో, ఏ వస్తువు తాకట్టుకు పోయిందో, ఎవరు బడి మానినారో అడిగి తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి తీసుకొనిరండి. వచ్చే సంచికలో వాటికి చోటు కల్పించే పూచీ మాది. మఖ్దూం గజల్‌ను పాడినంత శ్రద్ధగా ఆ మాటలను కూడ మన సభలో చదువుకొందాము.